కెటిలు లైటు

మొన్న పొద్దున డ్యూటీకి వెళ్తూ, గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటూ మా ఆయన, "మీ మేస్త్రీ పోయాడంట" అన్నాడు.

ఏ మేస్త్రీ అని నేను అడగలేదు. నాకు తెలిసిన కార్ల మేస్త్రీ ఒక్కరే. రెండేళ్ళుగా ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. బజారులో ఎదురుపడి ఆయన చెయ్యెత్తితే కారు అద్దం పైకి లేపేసుకుని వెళ్ళిపోయేదాన్ని. అయినా మా ఇంట్లో ఆయన 'మీ మేస్త్రీ'గానే మిగిలిపోయారు. పాప నోటికి అందించబోతున్న ఇడ్లీ ముక్క అలాగే పట్టుకుని నిలబడిపోయాను. పాప నా వేలు కొరికి నవ్వింది. గుండెనొప్పంట అని చెప్పి మా ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పాప పడుకుంది. మూడు రోజులుగా లోపల తిరుగుతున్నదంతా రాసుకుంటే కాస్త సర్దుకుంటుందేమోనని కూర్చున్నాను. ఆయన పేరు రాయను. జగ్గయ్యపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు కూడా. లారీ డ్రైవర్లకు ఆయన మేస్త్రీ, మసీదు వీధిలో వాళ్ళకు భాయ్, నాకు బాబాయ్ గారు.

షెడ్డు చిల్లకల్లు వెళ్ళే రోడ్డు పక్కన ఉంటుంది. సున్నపురాయి లారీలు పోతూ ఉంటే రేకుల మీద, పానాల పెట్టె మీద, ఆయన కనుబొమల మీద తెల్లటి దుమ్ము పొరలా పడేది. మధ్యాహ్నానికల్లా నిండు ముసలాయన అయిపోయేవారు. నమాజుకు ముందు మొహం కడుక్కుంటే మళ్ళీ పదేళ్ళు తగ్గేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ తెల్ల దారం ఉండ ఒకటి ఉండేది. వైరుకు టేపు చుట్టాక అందరిలా అక్కడితో వదిలేసేవారు కాదు. పైన దారం చుట్టి రెండు ముడులు వేసి, కొస పంటితో కొరికేవారు. ఇక్కడి ఎండకు టేపు జిగురు కరిగి ఊడిపోతుందట, దారమైతే మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుందట.

ఇంజను చప్పుడు వినాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకునేవారు. అప్పుడు ఎవరైనా నోరు తెరిస్తే ఎడమ చెయ్యి లేచేది. ఆ చెయ్యి దిగేదాకా లారీ ఓనరైనా సరే నోరు మూసుకోవాల్సిందే. డిప్‌స్టిక్ బయటికి లాగి, దానికి అంటిన ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది సాగదీసేవారు, అరిసెల పాకం తీగ వచ్చిందో లేదో చూసే వంటమనిషిలాగా. తర్వాత వాసన చూసేవారు. తర్వాత కూడా వెంటనే ఏమీ చెప్పేవారు కాదు. కాసేపు ఊరుకుని, "చూద్దాం" అనేవారు.

ఆ 'చూద్దాం' కోసమే నేను ఆయన్ని నమ్మాను.

ఎందుకో చెప్పాలంటే పాప సంగతి చెప్పాలి. పదకొండో నెలలో పాపకు జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. నాకు భయమేసి ఒక్కొక్కరికీ చెప్పాను. ఏం కాదు, పళ్ళొస్తున్నాయి అంది అత్తయ్య. ఏం కాదు, పడుకో అన్నాడు మా ఆయన. పక్కింటావిడ కూడా ఏం కాదనే అంది. సాయంత్రానికి పాప కళ్ళు తేలేసి కొయ్యబారిపోయింది. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకు ఫిట్స్ వస్తాయనీ, మళ్ళీ రావచ్చనీ, వస్తే ఆలస్యం చేయొద్దనీ విజయవాడ డాక్టరు చెప్పారు. ఆ రోజు అక్కడికి చేరడానికి ఆటో మారి, బస్సు మారి మేము పడ్డ అవస్థ చూసి నేనే పట్టుబట్టి పాత కారు కొనిపించాను. నందిగామలో జూనియర్ కాలేజీలో నాకు ఉద్యోగం. అమ్మ వాళ్ళిల్లూ అక్కడే. పొద్దున పాపను అమ్మ దగ్గర దింపి కాలేజీకి వెళ్ళడం, సాయంత్రం ఇద్దరం తిరిగి రావడం. మధ్యలో జ్వరం వస్తే అటు నుంచి అటే కంచికచర్ల మీదుగా విజయవాడ. ఆ కారు నాకు షోకు కాదు. పాపకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న ముప్పావు గంట అది.

కారు కొన్న రెండో నెలలో చిల్లకల్లు దగ్గర మొదటిసారి ఎర్ర లైటు వెలిగింది. ముక్కు నుంచి చుక్క కారుతున్న పాత్ర బొమ్మ. కారు పక్కకు తీసి ఆపి, పాపను చంకన వేసుకుని కనిపించిన మొదటి షెడ్డుకు నడిచాను. ఆయన టీ తాగుతున్నారు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు.

"ఇంజను ఆపావా?"

"ఆపేసా బాబాయ్ గారూ."

"శభాష్. ఎర్ర లైటొస్తే ముందు ఇంజను ఆపాలమ్మా. దేవుణ్ణి తర్వాత తలుచుకోవచ్చు, ఆయనెక్కడికీ పోడు."

ఆయన దాన్ని కెటిలు అనేవారు. టీ కెటిలులాగా ఉంటుంది కాబట్టి. ఆ రోజు ఆయిలు తక్కువుంది, పోశారు, కెటిలు ఆరిపోయింది. ఊరికే పోసి పంపలేదు. చదును నేల మీద కారు నిలిపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ తుడిచి, మళ్ళీ ముంచి, రెండు గీతల మధ్య ఆయిలు ఎక్కడుందో చూడటం నాతో నాలుగుసార్లు చేయించారు. ఇంకొకటి కూడా నేర్పారు. తాళం తిప్పగానే కెటిలు వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. ఆరకపోతే ఇంజనుకు జబ్బు. అసలు వెలగకపోతే లైటుకే జబ్బు, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇక జబ్బు వచ్చినా చెప్పే నాథుడుండడు.

నేను ఆ పరీక్ష రోజూ పొద్దున చేసేదాన్ని. పాపను వెనక సీటులో కట్టి, తాళం తిప్పి, కెటిలు వెలగడం చూసి, స్టార్ట్ చేసి, ఆరడం చూసి, అప్పుడు గేరు వేసేదాన్ని. మా ఆయన గేటు దగ్గర నిలబడి నవ్వేవాడు. "నీకు వెలిగినా భయమే, వెలక్కపోయినా భయమే" అనేవాడు.

రెండోసారి వెలిగినప్పుడు బాబాయ్ గారు ఇంజను దగ్గర ఆ లైటును వెలిగించే ఆయిలు స్విచ్చి మార్చారు. ఈ దుమ్ముకు స్విచ్చి చెడిపోయి లైటు ఉత్తపుణ్యానికి వెలగడం మామూలేనట. "సగంసార్లు ఈ కెటిలే అబద్ధాలకోరు. కానీ అబద్ధమో నిజమో తేల్చుకునేదాకా నిజమే అనుకోవాల" అన్నారు. నేను ఆ మాట కాలేజీలో పిల్లలకు కూడా చెప్పాను.

మూడోసారి నెలలోపే వచ్చింది. ఈసారి స్విచ్చి తీసేసి దాని చోట ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు మీటరొకటి బిగించి, ఇంజను వేడెక్కేదాకా నడిపారు. ముల్లు వైపు చాలాసేపు చూశారు. నేను అడిగితే ఎడమ చెయ్యి ఎత్తారు. తర్వాత కారు ఒక్కరోజు వదిలి వెళ్ళమన్నారు. మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి కారు తుడిచి రోడ్డు వైపు తిప్పి పెట్టి ఉంది. ఆయన నా మొహం చూడకుండా పానాలు పెట్టెలో సర్దుకుంటున్నారు.

"కెటిలు ఇక రాదమ్మా" అన్నారు. బాగైందని అనలేదు. రాదన్నారు. ఆ తేడా అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

నిజంగానే రాలేదు. పొద్దున వెలగాల్సినప్పుడు వెలిగింది, ఆరాల్సినప్పుడు ఆరింది. ఐదు నెలలు నిశ్చింతగా తిరిగాను. నిశ్చింత అన్న మాట నా విషయంలో వాడటం నాకే వింతగా ఉంది. మా ఆయన పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కెటిలు వెలిగినప్పుడల్లా నేను వాళ్ళ కంట్రోల్ రూముకు ఫోన్ చేసేదాన్ని. అది అక్కడ పెద్ద నవ్వులాటైపోయి, తోటివాళ్ళు తనకు కెటిలు అని పేరు పెట్టారు. భోజనాల దగ్గర 'ఏరా కెటిలూ, టీ మరిగిందా' అనేవాళ్ళట. నవ్వుతూనే చెప్పాడు నాకు. ఆ ఐదు నెలలూ ఆ బాధ కూడా తనకు తప్పింది. ఆ మధ్యలో ఒకసారి పాపకు జ్వరం నూట మూడు దాటితే, వెనక సీటులో పాప మూలుగుతుంటే, ఎక్కడా ఆపకుండా విజయవాడ దాకా నేనే నడిపాను. కారు బాగుందన్న ధైర్యమే నన్ను నడిపించింది.

దారిలో బాబాయ్ గారు కనిపించేవారు. బండెలా ఉందమ్మా అని అడిగేవారు. కెటిలు రావట్లేదు బాబాయ్ గారూ, మీ చలవ అనేదాన్ని. అరవై దాటించకు అనేవారు. ఒకసారి, మళ్ళీ ఆయిలు మార్చుదాం తీసుకురా అన్నారు. ఇంకోసారి, మీ ఆయన్ని ఒకసారి నన్ను కలవమను అన్నారు. నేను ఇంటికొచ్చి చెప్తే మా ఆయన సరేనన్నాడు. అంత శ్రద్ధ తీసుకునే మనిషి ఊళ్ళో ఉన్నందుకు నేను మురిసిపోయాను.

ఒక రోజు పొద్దున నందిగామ ఇంకో మూడు కిలోమీటర్లుందనగా డ్యాష్‌బోర్డులో రెండు ఎర్ర లైట్లు ఒక్కసారే వెలిగాయి. ఒకటి బ్యాటరీది, రెండోది కెటిలు. వెంటనే ఇంజను ఆపేశాను. అమ్మకు ఫోన్ చేస్తే వాళ్ళ వీధి చివర షెడ్డున్న మెకానిక్‌ను పంపింది. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. బ్యాటరీని ఛార్జి చేసే బెల్టు తెగిందని చూసి, కారును తన షెడ్డుకు లాగించి, కొత్త బెల్టు వేశాడు. స్టార్ట్ చేస్తే లైట్లు రెండూ ఆరిపోయాయి. నేను పాపను ఎత్తుకుని కాలేజీకి టైమైపోతోందని తొందరపడుతున్నాను. అతను కదలకుండా డ్యాష్‌బోర్డు మీటరు వైపు చూస్తున్నాడు.

"బెల్టు తెగితే బ్యాటరీ లైటు రావాలి మేడం. దాంతో పాటు ఆయిల్ లైటెందుకొచ్చింది?"

నాకేం తెలుసు. అతను మీటరు విప్పి వెనక వైర్లు బయటికి లాగాడు. కాసేపటికి, మేడం ఇలా చూడండి అని పిలిచాడు. ఆయిలు లైటు వైరును దాని స్విచ్చి నుంచి తప్పించి, బ్యాటరీ లైటు వైరుకు కట్టేసి ఉంది. అలా కడితే తాళం తిప్పగానే రెండూ వెలుగుతాయి, ఇంజను అందుకోగానే రెండూ ఆరిపోతాయి. ఇంజనులో ఆయిలు చుక్క లేకపోయినా సరే, ఆరిపోతుంది. "బండి అమ్మేటప్పుడు కొందరు చేస్తారు మేడం ఇట్లా. ఎవరి దగ్గర కొన్నారో గానీ" అన్నాడతను.

అమ్మినవాడు అయ్యుండడు. మా చేతికి వచ్చాకే కదా మూడుసార్లు వెలిగింది. అయినా ఒక్క క్షణం, అమ్మినవాడే అయితే బాగుండునని ఎంతగా కోరుకున్నానో. అప్పుడు అతను కట్టు ఉన్నచోట పట్టుకుని వైరు పైకెత్తాడు. నల్ల టేపు మీద తెల్ల దారం. రెండు ముడులు.

నా చేతిలో పాప బరువు ఒక్కసారిగా పెరిగినట్టైంది. కారు చెడగొట్టడం వేరు. రోజూ పొద్దున నేనేం చూస్తానో ఆయనకు తెలుసు. ఆయనే నేర్పారు. నేను చూసేచోట నాకు కనిపించాల్సింది కనిపించేలా కొలిచి కట్టారు. ఊళ్ళో వాళ్ళంతా నోటితో చెప్పే 'ఏం కాదు' అన్న మాటనే ఆయన వైరుతో చెప్పారు.

నందిగామ మెకానిక్ వైరు విడదీసి స్విచ్చికి కలిపాడు. ఇంజను వేడెక్కగానే కెటిలు ఎర్రగా వెలిగింది, ఆరలేదు. ఇది ఇవాళ వచ్చింది కాదు మేడం అన్నాడు. మర్నాడు ఇంజను కింద ఆయిలు నిలిచే ఛాంబరు విప్పితే ఆయిలు పీల్చుకునే జల్లెడ నిండా నల్లటి మడ్డి, అడుగంటిన గోంగూరలాగా. పాత ఓనరు ఏళ్ళ తరబడి ఆయిలు మార్చకుండా తిప్పాడట. ఇంకో నెల తిరిగితే ఇంజను నడిరోడ్డు మీద పట్టేసేదట. నాకు మాత్రం ఆ జ్వరం రోజు కంచికచర్ల దగ్గర లారీలను దాటుకుంటూ పోయిన రోడ్డే కళ్ళ ముందు తిరిగింది.

కత్తిరించిన ఆ వైరు ముక్క తీసుకుని, అది బయటపడ్డ రోజు సాయంత్రమే బస్సులో జగ్గయ్యపేట వచ్చి షెడ్డుకు వెళ్ళాను. ఆయన పాత టైరు మీద కూర్చుని చేతులు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నారు. "బాబాయ్ గారూ, ఇది..." అంటూ చెయ్యి చాపాను. నేను మాట పూర్తి చేయలేదు.

"నేనే కట్టానమ్మా" అన్నారు.

"ఎందుకు?"

పక్కన లారీ ఇంజను నడుస్తోంది. దాన్ని ఆపమని చెయ్యి ఎత్తారు. ఆగాక అన్నారు, "నువ్వు భయపడతన్నావని."

"నాతో పాప ఉంటుందని తెలుసు కదా మీకు."

"తెలుసు."

ఇంకేమైనా అంటారని నిలబడ్డాను. ఒక సాకు, ఒక కారణం, చివరికి ఒక అబద్ధమైనా. ఆయన తల వంచుకుని, తప్పు నాదే, ఛాంబరు నేను ఊరికే విప్పి బాగుచేసి ఇస్తా తెప్పించు అన్నారు. మీ చెయ్యి నా బండి మీద పడనివ్వను అన్నాను. అంత పెద్దవాళ్ళని ఎవర్నీ నేనెప్పుడూ అలా అనలేదు. ఇంటికొచ్చి మా ఆయన ముందు ఏడ్చాను. తను నా వీపు నిమిరి, ఈ మెకానిక్కులంతా ఇంతే, వదిలెయ్ అన్నాడు. వదల్లేదు. రెండేళ్ళు ఆయన మీద కోపంతోనే ఆ రోడ్డు మీద తిరిగాను.

ఇవాళ సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే సరిగా చెప్పలేను. రోజూ ఆ షెడ్డు ముందు నుంచే పోవాలి కదా, పొద్దున రేకు షట్టరు దించి ఉండటం చూసి, పాపను అమ్మ దగ్గర దింపి వెనక్కి తిప్పానంతే. ఆయన భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు. నన్నెప్పుడూ చూడలేదు కదా, ఎవరని చెప్పుకోవాలో తెలియక, బాబాయ్ గారి దగ్గర కారు బాగుచేయించుకునేదాన్ని అన్నాను. ఆవిడ కళ్ళు ఎత్తి చూసింది.

"కెటిలు అమ్మాయివా? నందిగామ కాలేజీ?"

తలూపాను. ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. కాసేపు ఆయన చివరి రోజు గురించి చెప్పింది, టీ అడిగి తాగకుండానే పోయారని. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "కోపం పెట్టుకోకు తల్లీ ఇక. ఆయనకు ఆ పని ఇష్టంలేదు. మీ ఆయన ఫోనులో బతిమాలితేనే గదా."

నాకు తెలుసనుకుని ఆవిడ చెప్పుకుపోయింది. మీటరు ముల్లు చూశాక బాబాయ్ గారు ఫ్యాక్టరీకి మా ఆయనకే ఫోన్ చేశారట, ఛాంబరు విప్పాలి, రెండు రోజుల పని అని. ఇప్పుడు కుదరదు, పది రోజుల్లో లీవు పెట్టి నేనే తెచ్చిస్తా, అప్పటిదాకా ఆ లైటు మాత్రం మా ఆవిడకు కనపడకుండా చెయ్యండి, కంట్రోల్ రూములో తలెత్తుకోలేకపోతున్నా అన్నాడట మా ఆయన. పది రోజులే కదా అని కట్టారట. తర్వాత మూడుసార్లు ఫోన్ చేశారట. రేపు, ఎల్లుండి అన్నాడట. నేను వైరు ముక్క పట్టుకొచ్చిన రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయారట.

"మరి నాకా రోజే ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"నేనూ అదే అడిగా. మెకానిక్కు మీద కోపమొస్తే ఇంకో షెడ్డుకి పోద్ది, మొగుడి మీదొస్తే ఎక్కడికి పోద్దే అన్నాడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలూపారు. అంత మంచి మనిషి అంది ఒకావిడ. ఆయన నన్ను రెండుసార్లు మోసం చేశారు. రెండోసారి దాన్ని మంచితనం అనుకుని చేశారు. నేను ఎక్కడికి పోగలనో, ఏది తెలిస్తే తట్టుకోగలనో, నన్ను అడక్కుండా ఇద్దరు మగవాళ్ళు ఫోనులో తేల్చేసుకున్నారు. ఒకరు ఆ తప్పు మోసుకుని పోయారు. ఇంకొకరు నా వీపు నిమిరారు. రెండేళ్ళు ఒక ముసలాయన్ని చూసి మొహం తిప్పుకుని, నేను రోజూ రాత్రి మా ఆయన కంచంలో వేడివేడిగా వడ్డించాను.

ఆవిడ దగ్గర సెలవు తీసుకుని వచ్చేశాను. పాపను అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్నాను. వంట చేశాను. మా ఆయన వచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడు. ఎలా అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. పెద్దగా అరవాలనుకున్నాను, ఏడవకూడదనుకున్నాను. తీరా అడిగేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది.

"ఆ లైటు నాకు కనపడకుండా చెయ్యమని బాబాయ్ గారికి ఫోనులో చెప్పింది నువ్వా?"

తను ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. నా వైపు చూడలేదు. పాప పడుకున్న గది తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి,

"ఎవరు చెప్పారు?" అన్నాడు.